గురి కోసం పుట్టిన పిస్టల్

చెన్నై–కోల్‌కతా రహదారిని బందరు రోడ్డు దాటే చోటు బెజవాడ బెంజ్ సర్కిల్. అక్కడ ఎవరినైనా ఆపి విలువిద్య గురించి అడగండి, వెన్నం జ్యోతి సురేఖ పేరు చెబుతారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల నుంచి ఆ బెజవాడ అమ్మాయి మూడు స్వర్ణాలు తెచ్చింది. అదే మనిషిని పిస్టల్ గురించి అడిగితే గొంతు తగ్గుతుంది. మనకు పిస్టల్ అంటే సినిమా, సెటిల్‌మెంటు, నడుము దగ్గర చొక్కా కింద దాచేది. నిజానికి పాయింట్ 22 గురి పిస్టల్, అందులోనూ పాతకాలపు పొడుగు బ్యారెల్‌ది, సురేఖ చేతిలోని విల్లుకే దగ్గరి చుట్టం. దాన్ని ఆ వరసలోనే చూడాలి, ఆ వరసలోనే కాపాడుకోవాలి. అదే హాంగ్‌ఝౌ క్రీడల్లో, 25 మీటర్ల పిస్టల్‌లో, హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది. ఒక ఆటకు ఊరంతా చప్పట్లు కొట్టి, పక్క ఆటను అనుమానంగా చూడటానికి కారణం ఆ వస్తువు గురించి మనకు తెలియకపోవడమే.

పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. పిస్టల్ సుత్తి దెబ్బ తూటా మధ్యలో కాకుండా అడుగున ఉండే అంచు మీద పడుతుంది. మందు అంటుకునే రసాయనం ఆ అంచులోనే ఉంటుంది; అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. గుండు బరువు రెండున్నర గ్రాముల పైచిలుకు. తన్ను తక్కువ, ఖర్చు తక్కువ. అందుకే 1915లో వచ్చిన కోల్ట్ వుడ్స్‌మన్, 1957 నాటి స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41, స్విట్జర్లాండ్ హామెర్లీ ఫ్రీ పిస్టళ్లు ఈ తూటా చుట్టూనే రూపుదిద్దుకున్నాయి. పొడుగు బ్యారెల్ ఎందుకంటే బలం కోసమనే చాలామంది అనుకుంటారు. అసలు లాభం ముందు సైట్‌కీ వెనుక సైట్‌కీ మధ్య దూరంలో ఉంది. లెక్క వేసి చూడండి: ఆ దూరం 150 మిల్లీమీటర్లయితే, ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా 25 మీటర్ల దగ్గర గుండు దాదాపు 167 మిల్లీమీటర్లు తప్పుతుంది. ఆ దూరం 220 అయితే తప్పేది 114 మాత్రమే. 50 మిల్లీమీటర్ల పది పాయింట్ల వలయం ఉన్న అట్ట మీద మొదటిదానికి 4 పాయింట్లు, రెండోదానికి 6. చేతి వణుకు ఒక్కటే, శిక్ష వేరు. 25 మీటర్ల పోటీ నిబంధనలు ఈ దూరాన్ని 220 మిల్లీమీటర్లకు, బ్యారెల్‌ను 153కు పరిమితం చేయడం వెనుక ఉన్నది ఈ లెక్కే. 50 మీటర్ల ఫ్రీ పిస్టల్‌కు బ్యారెల్ పొడవులో హద్దు లేదు. ఒకసారికి ఒకే తూటా, అరచేతిని చుట్టేసే చెక్క పిడి. దాన్ని చొక్కా కింద దాచడం ఎవరి వల్లా కాదు.

చట్టం ఈ తేడాను ఆలస్యంగానైనా ఒప్పుకుంది. 1959 ఆయుధాల చట్టం రైఫిల్ క్లబ్బు సభ్యుల సాధనకు పాయింట్ 22 రైఫిల్‌నీ ఎయిర్ రైఫిల్‌నీ పేరు పెట్టి చెప్పింది గానీ పిస్టల్ ఊసెత్తలేదు. 2019 డిసెంబరు సవరణతో, గుర్తింపు ఉన్న క్లబ్బు సభ్యులు ఏ తుపాకీతోనైనా సాధన చేయవచ్చు. అదే సవరణ మామూలు లైసెన్సుదారు దగ్గర ఉండదగ్గ తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. అదనపుదాన్ని ఏడాదిలోగా అప్పగించాలని చెప్పింది. ఇక్కడే నాకు బాధ. తాతల నాటి మూడింటిలో ఒకటి వదులుకోవాల్సి వస్తే ఇంటివాళ్లు రక్షణకు పనికొచ్చేదాన్ని ఉంచుకుని, గురి చూసేదాన్నే ముందు ఇచ్చేస్తారు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ అంతర్జాతీయ పతక విజేతలకు 12 తుపాకుల దాకా అనుమతించింది. అపురూపమైన పాత వస్తువుల కోవలోకి వచ్చే చిన్న తుపాకులను ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని, వాడాలన్నా వెంట తీసుకెళ్లాలన్నా మాత్రం కావాలని చెప్పింది. లైసెన్సులో ఎక్కనిదానికి తూటాలు అమ్మరు. అంటే షోకేసులో పెట్టుకోవడం తేలిక, పేల్చడం కష్టం. నా లెక్కలో అది తలకిందుల వరస. పేల్చేవాడి చేతిలోనే పాత పిస్టల్ బతుకుతుంది.

బాణం వేరు, తూటా వేరు అనే అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. ఈ చిన్న గుండు కిలోమీటరున్నర దాటి పోగలదు, ప్రాణం తీయగలదు. అందుకే రేంజికి గట్టి వెనుక గోడ, క్లబ్బుకు లైసెన్సు, తూటా తూటాకు లెక్క ఉండాలి. అయితే ఈ వాదన బీరువాలోని పిస్టల్‌కు వ్యతిరేకంగా నిలుస్తుంది తప్ప రేంజిలోని పిస్టల్‌కు కాదు. డెల్టా ఇళ్లలో ఇంకో ముప్పు ఉంది: మూడు కాలువలు పారే బెజవాడ తేమ. తోలు ఉరలో వదిలేసిన ఉక్కుకు ఆ తోలు పీల్చుకున్న చెమ్మే శత్రువు. ఒక వానాకాలం గడిచేసరికి నల్లటి మెరుపు మీద గోధుమరంగు చుక్కలు లేస్తాయి. పాత రిమ్‌ఫైర్‌ను తూటా లేకుండా టక్‌మని నొక్కినా ప్రమాదమే. సుత్తి మొన పోయి తూటా గది అంచునే కొడుతుంది. అక్కడ గుంట పడితే తూటా సరిగా కూర్చోదు. ఇవన్నీ తెలిసిన చేయి క్లబ్బు ఆయుధాగారంలో ఉంటుంది. ఇంట్లో ఉండటం అరుదు.

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ చాలదా అని ఇంకొందరు అంటారు. 20 జౌళ్ల లోపు బలం ఉన్న పాయింట్ 177కి లైసెన్సు అక్కర్లేదు, మొదలుపెట్టడానికి అంతకు మించిన దారీ లేదు. కానీ చప్పుడు, తన్ను, గాలివాటు అక్కడ నేర్చుకోలేం. 50 మీటర్ల పిస్టల్‌ను రియో తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు కదా, కాలం చెల్లినదాన్ని మోయడం ఎందుకన్నది చివరి ప్రశ్న. 1980లో సోవియట్ షూటర్ మెలెంతియేవ్ కొట్టిన 581 పాయింట్ల రికార్డు 2014 దాకా నిలిచిందంటే ఆ ఆట ఎంత కఠినమో తెలుస్తుంది. అదే 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో జీతూ రాయ్ ఆ ఆటలోనే స్వర్ణం గెలిచాడు. పారాలింపిక్స్‌లో అది ఆగలేదు: టోక్యోలో 2021 సెప్టెంబరు 4న 50 మీటర్ల పిస్టల్‌లో 19 ఏళ్ల మనీష్ నర్వాల్ 218.2తో స్వర్ణం, సింగ్‌రాజ్ 216.7తో రజతం అందుకున్నారు. పోడియం మీద మొదటి రెండు మెట్లూ మనవే.