పాతవి మూడా? కొత్తది ఒకటా?

హైదరాబాద్ నాగోల్‌లో మెట్రో ఎక్కితే తొమ్మిదో స్టేషన్ ప్యారడైజ్. అక్కడ దిగి పార్క్‌లేన్ వైపు వెళ్తే చెనాయ్ ట్రేడ్ సెంటర్. కంప్యూటర్ విడిభాగాలు కొనేవాళ్లకు ‘సీటీసీ’ అంటే చాలు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఏఐ నేర్చుకునే పిల్లలూ, ఇంట్లోనే త్రీడీ పని చేసుకునే కుర్రాళ్లూ ఇలాంటి కొట్ల ముందు ఆగి వేసుకునే లెక్క ఒకటుంది. చేతిలో ఉన్న డబ్బుతో కొత్త గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొనాలా, పాతవి రెండుమూడు కొనాలా? ఆ లెక్కకు అక్కరకొచ్చే విశేషాలివి.

సరి గీతలు నీకు, బేసి గీతలు నాకు
కార్డులను జోడు కట్టడం ఇప్పటి ఆలోచన కాదు. 1998లో 3డీఎఫ్ఎక్స్ సంస్థ తెచ్చిన ‘ఊడూ2’ కార్డులు రెండింటిని కలిపితే, తెర మీద సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఇంకొకటి గీసేవి. ఎన్విడియా 2004లో ఎస్ఎల్ఐ పేరుతో ఈ జోడీని మళ్లీ తెచ్చింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090కి వచ్చేసరికి రెండు కార్డులను కలిపే కనెక్టరే లేదు. ఈనాటి కొత్త ఆటల్లో చాలావాటికి రెండో కార్డు ఉన్నా లేనట్టే.

నాలుగూ నాలుగూ నాలుగే!
ఆటల్లో 4 జీబీ కార్డులు రెండు కలిపితే 8 జీబీ అవ్వదు. బొమ్మకు కావలసిన సరంజామా మొత్తాన్ని ప్రతి కార్డూ విడిగా దాచుకోవాల్సిందే. అందుకే వాడుకోగలిగేది 4 జీబీయే.

మూడు మగ్గాలు, మూడు చీరలు
పోచంపల్లి నేతగాళ్లకు తెలిసిన సంగతే ఇది. మూడు మగ్గాలుంటే ఒకేసారి మూడు చీరలు నేయొచ్చు. ఒకే చీరను మూడింటి మీదా నేయలేం. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్ చేసేవాళ్లది మొదటి రకం పని. ఒక్కో ఫ్రేమును ఒక్కో కార్డుకు అప్పగించవచ్చు. పాత కార్డులు గెలిచే చోటు ఇదే. కాకపోతే సీను మొత్తం ప్రతి కార్డు మెమరీలోనూ పట్టాలి.

మెమరీ కూడుతుంది, వేగం కూడదు
700 కోట్ల పారామీటర్ల భాషా నమూనాను 16 బిట్లలో నడపాలంటే దాని బరువే 14 జీబీ. 4 బిట్లకు కుదిస్తే మూడున్నర జీబీ. పెద్ద నమూనా ఒక కార్డులో పట్టకపోతే పొరలుగా విడదీసి రెండుమూడు కార్డులకు పంచవచ్చు. ఇక్కడ మెమరీ నిజంగానే కూడుతుంది. అయితే ఒక కార్డు తన వంతు ముగించాకే తర్వాతి కార్డుకు పని అందుతుంది కాబట్టి, ఒక్క మనిషి అడిగే ప్రశ్నకు జవాబు మూడు రెట్లు వేగంగా ఏమీ రాదు.

చరిత్ర మార్చిన జోడీ
2012లో బొమ్మలను గుర్తుపట్టే పోటీలో అందరినీ వెనక్కి నెట్టిన ‘అలెక్స్‌నెట్’కు శిక్షణ ఇచ్చింది రెండు జీటీఎక్స్ 580 కార్డులే. ఒక్కోదానికి 3 జీబీ. ఒకదాంట్లో పట్టక నమూనాను రెండుగా చీల్చారు. శిక్షణకు ఐదారు రోజులు పట్టింది.

ఒంటి కార్డు ఘనత, మన ఊళ్లోనే
నాగోల్ మెట్రో మార్గం అవతలి కొస రాయదుర్గం. ఆ వైపే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడి పవన్ హరీశ్, ఆచార్య పి.జె. నారాయణన్ 2007లో, 600 డాలర్ల 8800 జీటీఎక్స్ కార్డు ఒక్కదానితో, కోటి బిందువులున్న గ్రాఫులో అతి దగ్గరి దారులను ఒకటిన్నర సెకన్లలో లెక్కకట్టి చూపారు.

జీరో బిల్లుకు గండి
2017 నాటి జీటీఎక్స్ 1080 టీఐ పూర్తి జోరులో 250 వాట్లు లాగుతుంది. మూడు కార్డులను రోజుకు 8 గంటలు నడిపితే నెలకు 180 యూనిట్లు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లకు ఉచితంగా అందేది 200 యూనిట్ల వరకే. ఫ్యానుకూ ఫ్రిజ్‌కూ మిగిలేదెంత? 170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కదాన్ని అన్నే గంటలు నడిపితే 41 యూనిట్లు.

గదిలో హీటరు
కార్డు లాగిన కరెంటంతా చివరికి వేడే. మే నెలలో, పై అంతస్తు స్లాబు కింద, ఆ మూడు కార్డుల 750 వాట్లంటే చిన్న రూమ్ హీటరు పెట్టుకున్నట్టు. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా మోసేది 360 వాట్లే. కరెంటు పోతే అంత భారాన్ని అది ఆపలేదు.

చవకగా దొరికే సర్వరు కార్డులు
2016 నాటి టెస్లా పీ40లో 24 జీబీ ఉంది కానీ ఫ్యాను లేదు, మానిటర్ తగిలించే చోటూ లేదు. గాలి కొట్టే ఏర్పాటు మనమే చేసుకోవాలి. 2014 నాటి కే80కీ 24 జీబీ అనే రాసి ఉంటుంది. నిజానికి అది ఒకే పలక మీద 12 జీబీల చొప్పున రెండు చిప్పులు.

కార్డు బాగున్నా కాలం చెల్లుతుంది
కార్డులతో లెక్కలు చేయించే ఎన్విడియా సాఫ్ట్‌వేర్ కుడా. 2025లో వచ్చిన కుడా 13 మ్యాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరాల కార్డులను వదిలేసింది. 1080 టీఐ, పీ40 రెండూ పాస్కల్ తరానివే. పాత సాఫ్ట్‌వేర్‌తో పని నడుస్తుంది, కొత్తవి అందవు.

కొనేముందు ఒక్క మాట
అమ్మానాన్నలు కూడబెట్టి పంపిన డబ్బును కొట్లో పెట్టేముందు మీ పనిని ఒకసారి తూచి చూసుకోండి. కాగిల్ సైట్‌లో ఫోన్ నంబరు ధ్రువీకరించుకుంటే, వారానికి ఇన్ని గంటలని, టీ4 కార్డులు రెండు ఉచితంగా వాడుకోనిస్తారు. మీ ప్రోగ్రామును మొదట ఒక కార్డు మీద, తర్వాత రెండింటి మీద నడపండి. సమయం సగానికి తగ్గితే పాత కార్డుల బేరం ఆలోచించవచ్చు. తగ్గకపోతే, మీ పనికి సరిపడా మెమరీ ఉన్న కార్డు ఒక్కటే తెచ్చుకోండి.