గుయ్‌మనే గోల ఎక్కడిది?

ఇంట్లోని ఎలక్ట్రానిక్ వస్తువులు హైఫై సంగీతాన్ని చెడగొట్టే మాట నిజమే. విరుగుడు మాత్రం ఖరీదైన కేబుల్‌లో కంటే గోడ సాకెట్‌లోని మూడో రంధ్రంలో దొరికే అవకాశమే ఎక్కువ.

పాట ముగిసింది. తర్వాతి పాటకు ఇంకా కొన్ని సెకన్లుంది. వేలు, లక్షలు పోసి కొన్న స్పీకర్లు సరిగ్గా ఆ నిశ్శబ్దంలోనే నోరు విప్పుతాయి, సన్నగా 'గుయ్' మంటూ. సంగీతాభిమానులకు బాగా పరిచయమైన మూలుగే ఇది. పరిష్కారం అడిగితే చాలు, వెండి తీగలు, పవర్ కండిషనర్లు, ఫిల్టర్ పెట్టెలు వరుసకడతాయి. వైఫై రూటర్, ఫ్రిజ్, ఎల్ఈడీ బల్బు అన్నీ కలిసి సంగీతంలోని జీవాన్ని హరిస్తున్నాయన్నది వాటిని అమ్మేవారి వాదన. ఇందులో నిజమెంత?

సగం నిజం. దానికి మొబైల్ ఫోనే సాక్షి. 2జీ ఫోన్లు రాజ్యమేలిన రోజుల్లో కాల్ మోగడానికి క్షణం ముందే పక్కనున్న స్పీకర్ 'టిట్టిటిట్, టిట్టిటిట్' అని పసిగట్టేసేది. జీఎస్ఎం ఫోన్ మాట్లాడుతున్నప్పుడు సంకేతాలను సెకనుకు దాదాపు 217 సార్లు విడతలు విడతలుగా పంపుతుంది. 900 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఒక్కో విడత శక్తి 2 వాట్ల దాకా ఉండొచ్చు. స్పీకర్ తీగ యాంటెనాలా దాన్ని పట్టుకుంటుంది. ఆంప్లిఫయర్‌లోని ట్రాన్సిస్టర్లు రేడియో డిటెక్టర్ పని చేసేస్తాయి. 900 మెగాహెర్ట్జ్‌ను ఏ చెవీ వినలేదు. వినిపించేది ఆ విడతల లయ. 3జీ, 4జీ ఫోన్ల శక్తి సాధారణంగా పావు వాటు లోపే, సంకేతాల తీరూ వేరు. అందుకే ఆ చప్పుడు ఇప్పుడు బాగా తగ్గింది.

అయితే ఇళ్లలో గోల ఎక్కువగా వచ్చేది గాలిలోంచి కాదు, తీగల్లోంచి. ఆంప్లిఫయర్‌కు గోడ సాకెట్‌లో ఎర్త్ ఉంటుంది. టీవీకి వచ్చే కేబుల్ ఆపరేటర్ తీగ వీధిలో ఇంకెక్కడో ఎర్తయి ఉంటుంది. టీవీని, ఆంప్లిఫయర్‌ను ఆడియో తీగతో కలపగానే ఎర్తుకు రెండు దారులు ఏర్పడి వలయం పూర్తవుతుంది. రెండు చోట్ల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజి తేడాకే ఆడియో తీగ పైతొడుగులో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది. సంగీతంతోపాటు అదీ స్పీకర్‌కు చేరుతుంది. ఇంజినీర్లు దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

మిగతా దొంగలూ ఇంటివారే. ట్రయాక్‌తో పనిచేసే ఫ్యాన్ రెగ్యులేటర్లు, లైట్ డిమ్మర్లు కరెంటు తరంగాన్ని సెకనుకు 100 సార్లు కోస్తాయి. ప్రతి కోతా తీగల్లోకి చిన్న ముల్లులాంటి సంకేతాన్ని వదులుతుంది. మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్లకు ఈ జబ్బు లేదు. కరెంటు పోయి స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అందుకున్నప్పుడు ఫ్యాన్‌తోపాటు కొన్ని ఆంప్లిఫయర్లూ మూలగడానికి కారణం 50 హెర్ట్జ్‌తోపాటు 150, 250, 350 హెర్ట్జ్ తరంగాలూ రావడం. ఇక్కడ చెవి లెక్క కూడా ఉంది. 50 హెర్ట్జ్ స్వరం వినబడాలంటే దాదాపు 44 డెసిబెల్స్ కావాలి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ చెవి చురుకవుతుంది. అందుకే లోతైన హమ్ కంటే గరగరలాడే చప్పుడే ముందు విసిగిస్తుంది.

గ్రామఫోన్ రికార్డులను అటక మీంచి మళ్లీ దించుతున్నవారికి ఈ బెడద మరీ ఎక్కువ. సీడీ ప్లేయర్ ఇచ్చే సంకేతం గరిష్ఠంగా 2 వోల్టులు. మామూలు రికార్డ్ ప్లేయర్ ముల్లు నుంచి వచ్చేది 5 మిల్లీవోల్టుల లోపు, అంటే 400 రెట్లు తక్కువ. దాన్ని పెంచే క్రమంలో దారిలో దూరిన హమ్ కూడా అంతే పెరుగుతుంది.

ఇక్కడిదాకా వివాదం లేదు. వినబడే చప్పుడును ఎవరూ కాదనరు. వివాదమంతా రెండో వాదంపైనే: చప్పుడేమీ వినిపించకపోయినా ఇంటర్‌ఫియరెన్స్ వల్ల సంగీతం చప్పబడుతుందని, గాయకుడు వెనక్కి జరిగినట్టుంటుందని. డిజిటల్ పరికరాల్లో గడియారం లయ తప్పడాన్ని, అంటే జిట్టర్‌ను, దీనికి కారణంగా చూపుతారు. జిట్టర్ నిజమే, కొలవొచ్చు కూడా. కానీ వినిపిస్తుందా? 1998లో బెంజమిన్, గానన్ అనే పరిశోధకులు జరిపిన పరీక్షల్లో సంగీతం వింటున్నవారెవరూ 20 నానోసెకన్ల లోపు జిట్టర్‌ను గుర్తించలేదు. 2005లో జపాన్‌లో ప్రచురితమైన మరో అధ్యయనంలో ఆ హద్దు కొన్ని వందల నానోసెకన్లుగా తేలింది. ఇళ్లలో వాడే చాలా ప్లేయర్లలో ఉండేది అంతకంటే ఎంతో తక్కువ.

అలాగని తేడా విన్నామనేవారంతా అబద్ధమాడుతున్నట్టు కాదు. లక్ష పెట్టి కొన్నది బాగుండాలని మనసు కోరుకుంటుంది, చెవి దాని మాట వింటుంది. తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. వినేవారికి కనిపించకుండా మరొకరు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే పాత తీగ, బొరుసు పడితే కొత్త తీగ పెట్టాలి. ధ్వని స్థాయి మారకూడదు. ఇలా 10 సార్లు. ఊరికే ఊహించి 9 లేదా 10 సార్లు సరిగ్గా చెప్పగలిగే అవకాశం సుమారు 1 శాతమే. ఆ పరీక్ష నెగ్గిన తీగకు డబ్బు పెట్టొచ్చు.

తప్పు కొన్నిసార్లు యంత్రం లోపలే ఉంటుంది. కేబుల్ పైతొడుగును పరికరం లోపల సర్క్యూట్‌కు తగిలిస్తే బయటి చెత్తంతా సంగీతంలో కలుస్తుందని నీల్ మన్సీ 1995లోనే వివరించారు. దాన్ని నేరుగా లోహపు పెట్టెకే కలపాలంటూ ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ 2005లో ఏఈఎస్48 ప్రమాణాన్ని తెచ్చింది. పెట్టె లోపలి లోపాన్ని బయటి వెండి తీగ మాన్పలేదు.

డబ్బు పోతే పోయింది, ప్రాణం మీదికి తెచ్చే చిట్కా ఇంకొకటుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ పీకేయడం. వలయం తెగుతుంది కనుక హమ్ తక్షణం ఆగుతుంది. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. లోపల ఇన్సులేషన్ ఏనాడైనా దెబ్బతింటే ఆంప్లిఫయర్ లోహపు పెట్టెకు 230 వోల్టులు చేరతాయి. ఎర్త్ ఉంటే ఫ్యూజు ఎగిరిపోతుంది. లేకుంటే తాకినవారి ఒళ్లే కరెంటుకు దారి. ఆ వోల్టేజి ఆడియో తీగ వెంట రెండో పరికరానికీ పాకుతుంది. తయారీలోనే రెండు పిన్నులతో, రెట్టింపు ఇన్సులేషన్‌తో వచ్చినవాటి సంగతి వేరు.

సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక ఎర్త్ తీగే లేకపోవడం మరో ప్రమాదం. లాప్‌టాప్ లోహపు అంచును తాకితే సన్నగా జివ్వుమంటుంటే ముందు ఎర్తింగ్‌ను అనుమానించాలి.

దోషిని పట్టడం తేలికే. అన్ని పరికరాలనూ ఆంప్లిఫయర్ నుంచి విడదీసి, ఒక్కొక్కటే తగిలిస్తూ పోవాలి. ఏది పెట్టినప్పుడు గోల మొదలైతే దొంగ అటువైపే. అన్నిటినీ ఒకే సాకెట్ బోర్డు మీదికి తెస్తే చాలాసార్లు వలయం చిన్నదై హమ్ తగ్గుతుంది. టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ వాడితే వలయమే ఉండదు, ఎందుకంటే అందులో ప్రవహించేది వెలుగు. రికార్డ్ ప్లేయర్‌కు వచ్చే సన్నని గ్రౌండ్ తీగను ఆంప్లిఫయర్‌కు బిగించాలి. ఆడియో తీగలను కరెంటు తీగలకు, అడాప్టర్లకు దూరంగా నడపాలి.

వీటిలో చాలావాటికి ఖర్చే లేదు, ఉన్నవాటికీ పెద్దగా కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించాక, తీగలు సర్దుకున్నాక, అప్పటికీ గోల తగ్గకపోతే మెకానిక్‌కు ఆంప్లిఫయర్ చూపించాలి. లక్ష రూపాయల కేబుల్ సంగతి ఆ తర్వాతే.