ఇంటి వేడి లెక్క

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అని పెద్దలంటారు. ఈ రెండు పనులకూ ఎంత ఖర్చవుతుందో ముందే లెక్క వేసుకోవాలని ఆ సామెత హెచ్చరిస్తుంది. ఇటుకలకు, ఇసుకకు, సిమెంటుకు లెక్క వేసేవారు చాలామంది ఉన్నారు. కాని, కట్టిన ఇంట్లోకి ఎండాకాలంలో ఎంత వేడి వస్తుందో లెక్క వేసేవారు తక్కువ. నిజానికి వేడికి కూడా లెక్క ఉంది. దానికి కావలసినవి కొలతల టేపు, కాగితం, కాస్త గుణకారం, కాస్త కూడిక.

బెంగళూరులోని పాత పేటలలో కాటన్‌పేట ఒకటి. కెంపేగౌడ 1537లో నెలకొల్పిన ఊరిలోనూ, దాని చుట్టుపక్కలా వ్యాపారాలను బట్టి పేటలు ఏర్పడ్డాయి. కన్నడంలో అక్కి అంటే బియ్యం, బళె అంటే గాజులు. అక్కిపేట, బళేపేట అన్న పేర్లు అలా వచ్చాయి. పత్తి వ్యాపారం పేరు కాటన్‌పేటకు నిలిచింది. ఇక్కడి వీథులు ఇరుకు. ఇండ్ల ముందు వెడల్పు తక్కువ, లోపలి పొడవు ఎక్కువ. ఒక ఇంటి గోడను ఆనుకొని మరొక ఇల్లు ఉంటుంది. పాతకాలపు పెంకుటిండ్లు, సున్నంతో వేసిన దళసరి మిద్దెలు పోయి, చాలాచోట్ల కాంక్రీటు మేడలు వచ్చాయి.

అటువంటి ఒక మేడలో అన్నిటికంటె పైన ఒక గది ఉందనుకుందాం. అందులో ఒక అవ్వ ఉంటుంది. ఏప్రిల్ నెల వచ్చేసరికి ఆమెకు పగలు కునుకు పట్టదు, రాత్రి నిద్ర ఉండదు. ఇంటివారు ఏసీ యంత్రం కొనాలనుకున్నారు. అంగడివారు గదిని చూడకుండానే ఒకటిన్నర టన్నుల యంత్రం కావాలన్నారు. దాని ధర, ఆపైన నెలనెలా వచ్చే కరెంటు బిల్లు ఆ ఇంటికి చిన్న భారం కాదు. తొమ్మిదవ తరగతి చదివే మనుమరాలు అవ్వ పక్కన కూర్చొని, "అవ్వా, ఇంత వేడి ఎక్కడినుంచి వస్తుంది?" అని అడిగింది. "పైనుంచే వస్తుందమ్మా. రాత్రి పది దాటినా మిద్దె చల్లారదు" అన్నది అవ్వ. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చడానికి మనుమరాలు టేపు తీసుకొన్నది.

వేడి ఎప్పుడూ వేడిగా ఉన్న చోటినుంచి చల్లగా ఉన్న చోటికి ప్రవహిస్తుంది. గోడగుండా ఎంత వేడి ప్రవహిస్తుందన్నది మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. మొదటిది గోడ వైశాల్యం. రెండవది లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడా. మూడవది గోడ దేనితో కట్టారు, ఎంత మందంగా కట్టారు అన్నది. ఘనపదార్థాలలో వేడి ప్రవహించే తీరును ఫ్రాన్సు దేశపు గణిత శాస్త్రజ్ఞుడు ఫూరియర్ 1822లో వెలువరించిన గ్రంథంలో గణితంతో వివరించాడు. నేటి ఇంజనీర్లు వాడే సూత్రానికి అదే పునాది:

వేడి = వైశాల్యం × ప్రసార గుణకం × ఉష్ణోగ్రతల తేడా

తేడా ఒక డిగ్రీ ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి సాగిపోతుందో తెలిపేదే ప్రసార గుణకం. రెండువైపులా గిలాబా చేసిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు ఇది సుమారు 2. పలుచని కాంక్రీటు మిద్దెకు సుమారు 3.5. ఒంటి అద్దపు కిటికీకి సుమారు 6. గుణకం ఎంత తక్కువైతే ఇంటికి అంత మంచిది.

ఇక గది కొలతలు చూద్దాం. పొడవు 4 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. వీథివైపు గోడ పడమరకు ఉంది. అందులో 1.8 చదరపు మీటర్ల కిటికీ ఉంది. రెండు పక్కలా పొరుగు ఇండ్లున్నాయి, వెనుక మెట్ల గది ఉంది. ఆ మూడు గోడలకూ, నేలకూ ఎండ తగలదు. కాబట్టి లెక్క సులభంగా ఉండడానికి వాటిని వదిలివేద్దాం. బెంగళూరులో ఏప్రిల్ మధ్యాహ్నపు ఉష్ణోగ్రత సగటున 34 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. గదిలో 26 డిగ్రీలు కావాలనుకుంటే తేడా 8 డిగ్రీలు.

అయితే ఎండ తగిలే భాగాలకు ఈ 8 చాలదు. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద వట్టి కాళ్ళతో నిలబడినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నీడలో గాలి 34 డిగ్రీలున్నా, ఎండను పీల్చుకొన్న సిమెంటు మిద్దె దాదాపు 56 డిగ్రీలకు చేరినట్లు లెక్కించాలి. అంటే అక్కడ తేడా 30 డిగ్రీలు. పడమటి గోడ 42 డిగ్రీలకు చేరుతుందనుకుంటే అక్కడ తేడా 16. ఇప్పుడు మధ్యాహ్నం మూడున్నర గంటల వేళకు లెక్క వేద్దాం.

మిద్దె: 12 × 3.5 × 30 = 1,260 వాట్లు.

పడమటి గోడ, కిటికీ పోగా 7.2 చదరపు మీటర్లు: 7.2 × 2 × 16 = సుమారు 230 వాట్లు.

కిటికీ అద్దం గుండా గాలి వేడి: 1.8 × 6 × 8 = సుమారు 86 వాట్లు.

కిటికీ గుండా నేరుగా పడే ఎండ, చదరపు మీటరుకు 400 వాట్ల చొప్పున: 1.8 × 400 = 720 వాట్లు.

గదిలో ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరికి 100 వాట్ల చొప్పున: 300 వాట్లు.

ఫ్యాను, టీవీ: 150 వాట్లు.

సందులగుండా వచ్చే బయటి గాలి: సుమారు 86 వాట్లు.

మనుషులను కూడా ఈ పట్టికలో చేర్చడం కొందరికి వింతగా తోచవచ్చు. ఊరికే కూర్చొన్న మనిషి శరీరం కూడా ఇంచుమించు 100 వాట్ల వేడిని బయటికి వదులుతుంది. చిన్న గదిలో పదిమంది చేరితే ఉక్కగా ఉండడానికి ఇది ఒక కారణం. బయటి గాలి లెక్కకు గది ఘనపరిమాణం కావాలి. ఈ గదిది 36 ఘనపు మీటర్లు. ఆ గాలి గంటకొకసారి మారుతుందనుకొని 36 × 8 × 0.3 అని వేశాం. సముద్ర తీరంలో 0.3 బదులు 0.33 వేస్తారు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి కొంచెం పలుచన గనుక అది మోసుకొచ్చే వేడి కూడా కొంచెం తక్కువ.

మొత్తం కూడితే 2,832 వాట్లు. ఇందులో మిద్దె వాటా, కిటికీ ఎండ వాటా కలిపి 1,980 వాట్లు. నూటికి 70 వంతులు ఈ రెండు దారులనుంచే వస్తున్నాయి. మిద్దె ఒక్కటే నూటికి 44 వంతులు. అవ్వ మాట సరిపోయింది.

ఈ వాట్లను టన్నులలోకి మార్చాలి. వేడిని బరువు కొలతతో చెప్పడమేమిటి? దీని వెనుక ఒక కథ ఉంది. యంత్రాలు రాకముందు చల్లదనానికి మంచుగడ్డలే ఆధారం. అమెరికాలో చెరువులమీద పేరుకొన్న మంచును కోసి, రంపపు పొట్టులో పెట్టి ఓడలలో పంపేవారు. అలా 1833లో కలకత్తాకు మంచు దిగుమతి అయింది. మదరాసు సముద్రపు ఒడ్డున ఆ మంచును దాచడానికి కట్టిన 'ఐస్ హౌస్' భవనం ఇప్పటికీ ఉంది. అమెరికా లెక్కలో ఒక టన్ను అంటే 907 కిలోలు. అంత మంచు 24 గంటలలో కరగడానికి ఎంత వేడిని పీల్చుకొంటుందో, అంత వేడిని తొలగించే యంత్రాన్ని ఒక టన్ను యంత్రం అంటారు. అది సుమారు 3,500 వాట్లకు సమానం. 1902లో అమెరికా ఇంజనీరు విల్లిస్ కారియర్ ఒక అచ్చు కార్యాలయం కోసం గాలిలోని తేమను అదుపుచేసే యంత్రాన్ని రూపొందించాడు. నేటి ఏసీ యంత్రాల చరిత్ర అక్కడ మొదలైంది. మంచు వ్యాపారం పోయినా మంచు కొలత మాత్రం మిగిలింది.

మన గది వేడి 2,832 వాట్లు. దానిని 3,500తో భాగిస్తే 0.8 టన్ను వస్తుంది. మనం వదిలివేసిన గోడలకు, నేలకు కొంత చేర్చినా ఒక టన్ను యంత్రం సరిపోతుంది. ఒకటిన్నర టన్నులు అనవసరం. అవసరానికి మించిన మామూలు యంత్రం గదిని త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఇలా ఆగుతూ సాగుతూ ఉంటే గాలిలోని తేమను సరిగా తీయలేదు. మచిలీపట్నం, నెల్లూరు వంటి తీరపు ఊళ్ళలో ఇది పెద్ద లోపం. అక్కడ వేడితోపాటు తేమను తీయడానికయ్యే భారాన్ని కూడా లెక్కలో చేర్చాలి.

మనుమరాలు ఇక్కడితో ఆగలేదు. వేడిని లోపలికి రానిచ్చి బయటికి తోయడం కంటె, రాకుండా చేయడం మేలు కదా అనుకొన్నది. మిద్దెకు తెల్లని సున్నం పూస్తే అది ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పికొడుతుంది. అప్పుడు మిద్దె 42 డిగ్రీల దగ్గర ఆగుతుందనుకుంటే తేడా 16. వేడి 12 × 3.5 × 16 = 672 వాట్లు. కిటికీకి బయటివైపు వెదురు తెర కడితే ఎండలో నాలుగింట మూడు వంతులు ఆగిపోతుంది. 720 వాట్లు 180 అవుతాయి. తెరను లోపలివైపు కడితే ఇంత లాభం ఉండదు. అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది.

ఈ రెండు పనులతో మొత్తం 2,832 నుంచి 1,704 వాట్లకు దిగింది. అర టన్ను కంటె తక్కువ. ఖర్చు ఒక సున్నపు బస్తా, ఒక తెర, ఒక రోజు పని. వానకు, దుమ్ముకు సున్నం తెల్లదనం పోతుంది గనుక ఏటేటా మళ్ళీ పూయాలి.

చలికాలానికీ ఇదే సూత్రం. జనవరి రాత్రి బయట 15 డిగ్రీలు, లోపల 20 కావాలనుకుందాం. తేడా 5. మిద్దె గుండా 210, గోడ గుండా 72, కిటికీ గుండా 54, గాలితో 54, మొత్తం 390 వాట్ల వేడి బయటికి పోతుంది. మేలుకొని ఉన్న ముగ్గురు మనుషులు, ఒక టీవీ కలిసి 380 వాట్లు ఇస్తారు. కాబట్టి కాటన్‌పేట ఇంటికి హీటరు అక్కరలేదు, ఒక దుప్పటి చాలు. దేశాన్ని వాతావరణాన్ని బట్టి ఐదు మండలాలుగా విభజించినప్పుడు బెంగళూరును సమశీతోష్ణ మండలంలో చేర్చడానికి కారణం ఇదే.

అయినా ఎండను తేలికగా తీసుకోరాదు. 2016 ఏప్రిల్‌లో బెంగళూరులో 39.2 డిగ్రీలు నమోదైంది. ముసలివారికి, పసిపిల్లలకు ఇటువంటి వేడి ప్రాణాపాయం కలిగించవచ్చు. అందుకే ప్రభుత్వాలు కూడా ఈ లెక్కను పట్టించుకొంటున్నాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 'ఎకో నివాస్ సంహిత' అనే నియమావళిని వెలువరించింది. నివాస భవనాల పైకప్పు ప్రసార గుణకం 1.2 మించరాదని అది చెబుతుంది. మన మిద్దె గుణకం దానికి దాదాపు మూడు రెట్లు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానాన్నే ప్రకటించింది.

ఆ ఆదివారం ఇంటివారు ఏసీ అంగడికి పోలేదు. తెల్లవారుజామునే మిద్దె ఊడ్చి, కడిగి, సున్నం పూశారు. సాయంత్రం చల్లగాలి రాగానే కిటికీలు తెరిచారు. ఆ రాత్రి పది గంటలకు అవ్వ గోడకు చేరబడి, చేయి పైకెత్తి, "ఈరోజు మిద్దె ఊరుకొన్నదే!" అన్నది. మధ్యాహ్నం ఫ్యాను చాలకపోతే ముందుముందు ఒక యంత్రం కొనవలసి రావచ్చు. అప్పుడు ఎంతది కావాలో అంగడివారిని అడగనక్కరలేదు. ఆ సంఖ్య మనుమరాలి నోటు పుస్తకంలో ఉంది.

అభ్యాసం

1. మిద్దెకు 34 డిగ్రీలు కాక 56 డిగ్రీలు ఎందుకు లెక్కించారు?

2. పొడవు 5 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు గల గది మిద్దె గుండా, తేడా 30 డిగ్రీలున్నప్పుడు, ఎన్ని వాట్ల వేడి వస్తుంది? సున్నం పూశాక తేడా 16 డిగ్రీలైతే ఎంత తగ్గుతుంది?

3. మీ ఇంట్లో ఒక గదిని కొలవండి. ఏ గోడకు ఏ వేళ ఎండ తగులుతుందో గమనించి, వేడి వచ్చే దారులను ఎక్కువనుంచి తక్కువకు వరుసగా రాయండి.