బౌలింగు బంతి యేల వంగును?

అమెరికా దేశమున మిక్కిలి వ్యాప్తిలోనున్న పది పిన్నుల బౌలింగు ఆటలో, 16 పౌనులకు మించని బంతిని 60 అడుగుల బాటపై దొర్లించి, కొననున్న పిన్నులను పడగొట్టవలయును. చూచువారికిది కేవలము బాహుబలముచే నాడు నాటవలె దోచును. కాని బంతి పైపొరయు, దానికి తొలిచిన రంధ్రములును దాని నడకను మార్చుచుండును. వీనిలో నేది ముఖ్యమో యెరుగనివారు వృథాగా ధనవ్యయము చేయుదురు గావున, ఆ సంగతిని సంగ్రహముగా వివరింపబూనితిమి.

బాటపై మొదటి 40 అడుగుల మేర సాధారణముగా పలుచని నూనె పూయుదురు. తక్కిన భాగము పొడిగా నుండును. ప్రక్కకు త్రిప్పి విడిచిన బంతి నూనెపై జారును. పొడిచోట పట్టు దొరకగనే వంగును. పిమ్మట జారుట మాని దొర్లును. ఈ మూడవస్థలు తగిన తావుల జరిగినచో బంతి ముందరి పిన్నునకును దాని ప్రక్కదానికిని నడుమ సుమారు 6 డిగ్రీల కోణమున జొచ్చును. తిన్నగా వచ్చిన బంతి పిన్నులు తగిలి తొలగిపోవును. వంగి వచ్చినది లోనికి సాగును.

ఇక పైపొర మాట. 500 సంఖ్యగల రాపిడిబిళ్లతో రుద్దిన బంతి గరుకై, నూనెలో సయితము పట్టు సంపాదించి ముందుగనే వంగును. కాని పిన్నులను చేరునప్పటికి దాని వేగము కొంత తగ్గును. 4000 సంఖ్యగల బిళ్లతో నునుపుచేసినది దూరము జారి, కొసను చురుకుగా మలగును. పైపొర మహిమ యెంతటిదో 1973వ సంవత్సరమున తెలిసినది. ఆ యేట డాన్ మెక్యూన్ అను నాటగాడు పాలిస్టరు బంతిని రసాయనద్రవమున నానబెట్టి, పైపొరను మెత్తపరచి, ఆరు పందెములు గెలిచెను. పిమ్మట బంతికుండవలసిన కనీసపు కాఠిన్యమును నియమములు నిర్ణయించినవి.

రంధ్రముల పని వేరు. బంతిలోపల గుండ్రముగా నుండని బరువైన దిమ్మ యొకటి గలదు. దానినిబట్టి రంధ్రములు తొలిచినచో, తిరుగు నిరుసు బొంగరపు ములుకువలె మెల్లగా చోటు మారును. అందుచే చుట్టుచుట్టునకు నూనె యంటని క్రొత్తభాగము బాటను తాకి, పట్టు నిలుచును. బంతి చుట్టుకొలత 27 అంగుళములు. అందు నాలుగవపాలు 6¾. దిమ్మ కొనకును ఆటగాని నిరుసుకొనకును నడుమ దూరము ఇందు సగము, అనగా 3⅜ అంగుళములైనప్పుడు ఈ మార్పు మిక్కుటముగా నుండును; దూరము సున్న యైనను, 6¾ యైనను అత్యల్పము.

2005లో నేర్పడిన అమెరికా బౌలింగు సంఘమువారు పిమ్మట పరీక్షలు జరిపి, బంతి నడకపై అన్నిటికంటె నధికముగా పనిచేయునది పైపొర గరుకుదనమే యని తేల్చిరి. 2020 ఆగస్టు నుండి, పట్టుకొనుటకు గాక తూకము కొరకు మాత్రమే తొలుచు రంధ్రమును వారు నిషేధించిరి గూడ. కావున బంతి వంగలేదని వెంటనే క్రొత్తబంతి కొనుటయు, మరల బరమా పెట్టించుటయు వివేకము గాదు. రంధ్రములు ముందుగా వ్రేళ్లకు సరిపోవలయును. లేనిచో చేతికి హాని. పిమ్మట పైపొరను తుడిచి, నూనె తొలగించి, తగిన బిళ్లతో రుద్ది చూడవలయును. పందెము సాగుచుండగా నట్లు రుద్దుటకు నియమము లొప్పవు గావున, బాటను ముందుగనే పరికించి నిశ్చయించుకొనువాడే నేర్పరి.