రెండో గొట్టం

భారమితి కథను పాఠ్యపుస్తకాలు 1643 నాటి టారిసెల్లీ ప్రయోగంతో మొదలుపెడతాయి. ఒక కొస మూసిన గాజు గొట్టంలో పాదరసం నింపి, పాదరసపు తొట్టిలో బోర్లిస్తే అది దాదాపు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలిచింది. దాన్ని నిలబెట్టింది బయటి గాలి బరువే. నీటితో ఇదే చూపాలంటే పది మీటర్లు దాటిన గొట్టం కావాలి. గొప్ప ప్రయోగమే, కాదనను. అయితే అప్పటికది గాలికి బరువుందని చూపే సాధనం మాత్రమే. భారమితి వాతావరణం చెప్పగలిగేది ఒక కొలతను మరో కొలత పక్కన పెట్టినప్పుడే. ఆ అలవాటుకు బీజం పడింది మరో ఐదేళ్లకు.

1648 సెప్టెంబరు 19న శాస్త్రవేత్త పాస్కల్ బావ పెరియే, ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్ ఊళ్లో ఒక మఠం తోటలో రెండు గొట్టాలు నింపాడు. రెండింటిలోనూ పాదరసం ఒకే ఎత్తున ఉందని సరిచూసుకున్నాడు. ఒకదాన్ని అక్కడే ఒక సన్యాసికి అప్పగించి, రోజంతా కనిపెట్టి ఉండమన్నాడు. రెండోదానితో పూయ్ ద డోమ్ కొండెక్కి, శిఖరం మీద మళ్లీ నింపి చూస్తే పాదరసం సుమారు ఎనిమిది సెంటీమీటర్లు తగ్గింది. పైకి పోయేకొద్దీ మనపైనున్న గాలి తగ్గుతుందన్నది రుజువైంది. కింది గొట్టంలో పాదరసం కదలలేదు కాబట్టే ఆ రుజువు నిలిచింది. లేకుంటే ఆ రోజు వాతావరణమే మారిందని ఎవరైనా కొట్టిపారేసేవారు.

జర్మన్ శాస్త్రవేత్త గెరికే 1660లో ఒక్క భారమితిలోని హఠాత్తు పతనం చూసే తుపానును పసిగట్టాడు కదా అనవచ్చు. నిజమే. కానీ ఆయన చూసింది తగ్గుదలను. అంటే అంతకుముందటి కొలతతో పోలికను. ఆ పోలిక కూడా మన ప్రాంతంలో ఊరికే నమ్మదగ్గది కాదు. ఉష్ణమండలంలో పీడనం రోజూ ఉదయం పదింటికల్లా పెరిగి, సాయంత్రం నాలుగింటికల్లా దానంతటదే మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ తగ్గుతుంది. అప్పుడే రూపుదిద్దుకుంటున్న అల్పపీడనంలో తేడా ఒక్కోసారి అంతకూడా ఉండదు. అందుకే నిన్న ఇదే వేళకు ఎంత, ఇదే వేళకు చుట్టుపక్కల ఊళ్లలో ఎంత అని అడగాలి. మన వాతావరణ కేంద్రాలన్నీ ఉదయం 8:30కి ఒకేసారి కొలతలు తీసేది ఇందుకే. టెలిగ్రాఫ్ వచ్చాకే ఈ ఏకకాల పోలిక సాధ్యమైంది. బ్రిటన్‌లో వాతావరణ విభాగాధిపతి ఫిట్జ్‌రాయ్ 1861లో తుపాను హెచ్చరికలు మొదలుపెట్టింది దాని అండతోనే. భారమితి ముఖాన చెక్కిన ‘వాన’, ‘పొడి’ లాంటి మాటలకన్నా పాదరసం లేస్తోందా దిగుతోందా అన్నదే చూడాలని ఆయన గట్టిగా చెప్పాడు. ఆ మాటలు చెక్కడం మాత్రం చాలాకాలం ఆగలేదు, అందంగా ఉంటాయి కదా!

ఇంకో అభ్యంతరం బరువైనది: ఉపగ్రహాలుండగా ఈ పాత పరికరమెందుకు? ఉపగ్రహానికి మేఘాలు కనిపిస్తాయి గాని, సముద్రమట్టం దగ్గరి పీడనం నేరుగా కనిపించదు. బంగాళాఖాతం నడిమధ్య తుపాను కేంద్రంలో పీడనమెంతో చాలాసార్లు మేఘాల ఆకృతిని బట్టి అంచనా కడతారు. ఆ అంచనాను సరిచూసేవి దారిలో దొరికే ఓడలు, తేలే బాయ్‌లు, తీరం దాటాక నేలమీది భారమితులు. పైగా ఉపగ్రహాలకు గతం చూపించే శక్తి లేదు. ‘ట్వెంటియత్ సెంచురీ రీఅనాలిసిస్’ అనే ప్రాజెక్టు పంతొమ్మిదో శతాబ్దపు వాతావరణాన్ని కూడా కంప్యూటర్‌లో తిరిగి కట్టింది. సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత, మంచు వివరాలను నేపథ్యంగా ఇచ్చి, వాతావరణ పరిశీలనల్లో భూతలపు పీడనం కొలతలను మాత్రమే అది వాడుకుంది. నాటి ఓడల లాగ్‌బుక్కుల్లాంటి చోట్ల రాసిన ఆ అంకెల నుంచే పైఎత్తుల గాలులు కూడా చాలామటుకు రాబట్టగలిగారు.