వేపగిన్నె ఎందుకు వంకరపోయింది?

పోయిన అక్టోబరులో, వాయుగుండం వానకు హనుమకొండలోని మా ఇంటి వేపకొమ్మ ఒకటి విరిగిపడింది. బిందెంత లావు కొమ్మ. కట్టెలకింద కొట్టించబుద్ధికాక, మంచం కోళ్ళు తిప్పే లేత్ మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. పచ్చికర్ర ఉలికి మెత్తగా లొంగింది. పొట్టు రిబ్బన్లలా సాగుతూ వస్తుంటే పక్కనున్న మా మనవరాలి మొహం మీద నీళ్ళు చిందాయి. కర్రలోంచి వాన పడుతోందని ఆ పిల్ల ఒకటే గంతులు!

రెండు గిన్నెలు చేయించాను, ఒకటి పలచగా, ఒకటి మందంగా. సంక్రాంతికల్లా పలచటిది కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది.

"తాతా, మిస్త్రీ సరిగ జెయ్యలేదా?" అంది.

మిస్త్రీ గుండ్రంగానే చేశాడమ్మా, వంచింది నీళ్ళు.

కర్రంటే కట్టగట్టిన సన్నని గొట్టాలు. పచ్చికర్రలో నీళ్ళు రెండుచోట్ల ఉంటాయి. గొట్టాల బోలులో కొన్ని, గోడల్లో ఇంకినవి కొన్ని. బోలులోని నీళ్ళు ముందుగా పోతాయి. అవి పోతే బరువు తగ్గుతుందే కాని కొలత మారదు. ఎండుకర్ర బరువు 100 గ్రాములనుకుంటే, నీళ్ళు ఇంచుమించు 30 గ్రాములకు దిగాక గోడలు ఆరడం మొదలవుతుంది. అప్పుడే కర్ర ముడుచుకుంటుంది.

ముడుచుకోవడం అన్నివైపులా ఒక్కతీరుగా ఉంటే గిన్నె చిన్నదయ్యేది, అంతే. కాని కర్ర పొడవునా దాదాపు ముడుచుకోదు. నడిమి నుంచి బెరడు వైపు కొంత ముడుచుకుంటుంది, వలయాల వెంట చుట్టూరా అందుకు రెండింతలు. పచ్చి టేకు పూర్తిగా ఎండితే ఆ లెక్క సుమారు రెండున్నర శాతం, ఐదు శాతం. గుండ్రం కోలగా మారడానికి ఆ తేడా చాలు.

దుంగల కొసలు పగలడమూ ఇందుకే. బండిచక్రం తలచుకోండి. ఆకులు కొద్దిగా కురచయ్యాయి, చుట్టూ ఉన్న ఇనుప పట్టా అంతకన్నా ఎక్కువ బిగుసుకుంది. పట్టా ఎక్కడో ఒకచోట తెగాల్సిందే కదా! అందుకే మిస్త్రీ ముందు కొమ్మను నడిమికి చీల్చి, గుండెకాయను తీసేశాడు. ఆ చిన్న పని చేయకుంటే రెండు గిన్నెలూ పగిలేవి.

ఈ గుణాన్ని ఎరిగి పనిచేసినవాళ్ళంటే నాకు గొప్ప గౌరవం. ఇంగ్లండులో హై వికమ్ చుట్టుపక్కల బీచ్ చెట్ల అడవుల్లోనే ఉండి, కాలితో తొక్కే లేత్‌ మీద కుర్చీ కాళ్ళు పచ్చిగానే తిప్పి, ఆరబెట్టి అమ్మేవారు. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో దారి వేరు. అక్కడ అంకుడు కర్రను ముందు ఆరనిచ్చి తర్వాతే తిప్పుతారు. తిరిగే బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. లోపలి కర్ర తర్వాత ముడుచుకుంటే పైనున్న లక్క నిలుస్తుందా? 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల నునుపు వెనక ఈ ఓపిక ఉంది.

మా మందం గిన్నె సంగతి చెప్పలేదు కదూ. అడ్డుకొలతలో పదో వంతు మందం ఉంచి, దాని పొట్టుతోనే కాగితం సంచిలో పెట్టాం. కొసల్లో గొట్టాల నోళ్ళు తెరిచి ఉంటాయి కనుక నీళ్ళు అక్కడినుంచి గబగబా పోతాయి. పొట్టు ఆ తొందరను ఆపుతుంది. ప్రతి ఆదివారం మనవరాలు వంటింటి త్రాసు మీద తూచి క్యాలెండర్‌పై రాసేది. మార్చిలో బరువు తగ్గడం ఆగింది. మళ్ళీ లేత్ ఎక్కించి గుండ్రం చేయించాం.

జూలైలో ముసురు పట్టిన ఒక ఆదివారం ఆ పిల్ల త్రాసు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"తాతా, గిన్నె బరువెక్కింది!"

లోపల వాళ్ళ నానమ్మ బిగుసుకుపోయిన తలుపును భుజంతో నెడుతోంది.