దెబ్బతినుట – ఇంగ్లీషు క్రియలు



మన తెలుగున దెబ్బ తినని వస్తువు లేదు. తుపానులో వరిచేను దెబ్బతినును. గోతిలో దిగిన బండి దెబ్బతినును. మెట్లపై జారిన ముసలమ్మ మోకాలు దెబ్బతినును. పరీక్ష తప్పిన కుర్రవాని మనస్సు, బాకీ తీర్చని వర్తకుని పరువు, పంపకములనాటి అన్నదమ్ముల పొత్తు, అన్నియు దెబ్బతినునవే. ఒక్క మాటతో ఇంత సంసారము నడుపుకొను మనకు ఇంగ్లీషు వ్రాయబూనినప్పుడు చిక్కు వచ్చుచున్నది. ఆ భాష మొట్టమొదటనే ‘దెబ్బ తిన్నదేది?’ అని అడుగును. మనిషియా, వస్తువా, ఇంద్రియమా, అధికారమా? సమాధానమునుబట్టి క్రియ మారును. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు: ‘కొట్టినదెవరు, తిన్నదెవరు?’ అనునది. ముందుగా దానిని గూర్చియే చెప్పెదను. ఏలయన, అందు తప్పినచో చేతికి రావలసిన సొమ్ము రాకపోవచ్చును.

మా వీథిలో ఒక వృద్ధురాలు కలదు. ఆమె కుమారుడు లారీ క్లీనరు. డ్రైవరు చూడక లారీని వెనుకకు నడుపగా ఆ కుర్రవాని కాలు నలిగినది. నష్టపరిహారము కొరకు ఇంగ్లీషున అర్జీ పెట్టిరి. కొన్నాళ్లకు జవాబు వచ్చినది: డ్రైవరునకు తగిలిన గాయములనుగూర్చి డాక్టరు వ్రాసిన పత్రము పంపవలసినదని. ఆమె ఆ కాగితము తెచ్చి, ‘పంతులుగారూ, కాలు విరిగినది మావాడికి గదా, డ్రైవరుకేమి తగిలినదని అడుగుచున్నారు?’ అన్నది. అర్జీ నకలు తెప్పించి చూచితిని. అందు ‘మై సన్ ఇంజూర్డ్ ది డ్రైవర్’ అని యున్నది. అనగా, మా అబ్బాయి డ్రైవరును గాయపరచెను అని! విచారింపగా, చిత్తు వ్రాసినవారు ‘మై సన్ ఇంజూర్డ్ బై ది డ్రైవర్’ అని వ్రాసిరట. ఆ వాక్యమున ఏదో లోపమున్నదని టైపు చేసినవాడు గ్రహించినాడు. కాని లోపించినది చేర్చుటకు మారుగా ‘బై’ అను ఉన్న మాటను తీసివేసినాడు. ‘వాజ్’ అను చిన్న మాట లేకపోవుటచేత దెబ్బ తిన్నవాడు కొట్టినవాడయ్యెను. ‘మై సన్ వాజ్ ఇంజూర్డ్ బై ది డ్రైవర్’ అని తిరిగి వ్రాసి పంపితిమి గాని, ఈలోగా మూడు నెలలు గడచిపోయినవి.

చిత్తు వ్రాసినవారు చదువురాని వారు కారు. తెలుగున ఆలోచించి ఇంగ్లీషున వ్రాసినారు, అంతియే. తెలుగున మనకు జంటక్రియలు కలవు. గాయపడు, గాయపరచు, బలహీనపడు, బలహీనపరచు, చెడు, చెరచు. ‘పడు’ అన్నప్పుడు బాధ పొందినవాడు కర్త. ‘పరచు’ అన్నప్పుడు బాధ పెట్టినవాడు కర్త. ‘దెబ్బతిను’ అనుటలో, పాపము, బాధ పొందినవాడే తినువాడు కూడ. ఇంగ్లీషున ఇంజూర్, వూండ్, హార్మ్, డామేజ్, ఇంపెయిర్ అను క్రియలన్నియు ‘పరచు’ జాతివి. వానికి ‘పడు’ రూపము వేరుగా లేదు. కర్మణి ప్రయోగమే ఆ పని చేయును. కావున మీ మనస్సులోని తెలుగు వాక్యము ‘పడెను’ అనియో ‘తినెను’ అనియో ముగిసినచో, ఇంగ్లీషు క్రియకు ముందు ‘వాజ్’, ‘వర్’, ‘ఈజ్’ వంటిది ఒకటి ఉన్నదా లేదా అని చూచుకొనుడు. ‘క్రాప్స్ డామేజ్డ్ ఇన్ ది సైక్లోన్’ అని అర్జీలో వ్రాయరాదు. ‘క్రాప్స్ వర్ డామేజ్డ్’ అనవలెను. పత్రికలలో ‘టెన్ ఇంజూర్డ్’ అని పెద్ద అక్షరములతో అచ్చగుచున్నదే యని మీరడుగవచ్చును. అది చోటు చాలక చేసిన సంక్షేపము. శీర్షికను చూచి వాక్యము నేర్చుకొనుట తంతివార్తను చూచి ఉత్తరము వ్రాయుట వంటిది.

రెండు క్రియలు మాత్రము ఇరువైపుల పనిచేయును. మొదటిది వీకెన్. వాయుగుండము తీరము దాటి బలహీనపడినదని మీరు రేడియోలో వినుచుందురు. అచ్చట ‘ది డిప్రెషన్ వీకెన్డ్’ అన్న చాలును, ‘వాజ్’ అక్కరలేదు. జ్వరము మనిషిని బలహీనపరచెననుటకును అదే వీకెన్ సరిపోవును. రెండవది హర్ట్. ‘మై లెగ్ హర్ట్స్’ అనగా నా కాలు నొచ్చుచున్నదని యర్థము. ఒకరిని నొప్పించుటకును హర్టే. నొచ్చు, నొప్పించు అను మన జంట ఇచ్చట ఒకే మాటలో ఇమిడినది. దీనికి భూతకాల రూపము కూడ హర్టే. ‘హర్టెడ్’ అను మాట లేదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. హర్ట్ శరీరమునకును మనస్సునకును చెల్లును. ఇంజూర్ కొంత గట్టి దెబ్బ. ప్రమాదములలో, ఆటలలో ఎక్కువగా వినబడును. వూండ్ అన్నచో కత్తియో, తుపాకియో, అట్టి ఆయుధమేదియో మనస్సునకు తోచును. యుద్ధమున సిపాయి ‘వూండెడ్’. బస్సు బోల్తాపడినప్పుడు ప్రయాణికుడు ‘ఇంజూర్డ్’. వూండ్‌ను ‘వౌండ్’ అని పలుకరాదు. అట్లు పలుకు మాట వేరొకటి కలదు, అక్షరములు అవియే, అర్థము చుట్టినాడని! హార్మ్ అన్నిటికంటె విశాలమైనది. గాయము కనబడనవసరము లేదు, కీడు జరిగిన చాలును.

న్యాయస్థానములలో మాత్రము ఈ మాటలకు వేరు కొలతలు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు 319వ సెక్షనున హర్ట్ అనగా శరీరమునకు కలిగించిన నొప్పి, రోగము, దౌర్బల్యము మాత్రమే. 44వ సెక్షనున ఇంజురీ అనగా శరీరము, మనస్సు, కీర్తి, ఆస్తి, వీనిలో దేనికైనను చట్టవిరుద్ధముగా చేసిన హాని. లోకవ్యవహారమున మనస్సునకు తగులునది హర్ట్ గదా! కోర్టున అది ఇంజురీలో చేరినది. 2024 జూలై 1వ తేదీ నుండి ఆ కోడునకు మారుగా భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినను ఈ నిర్వచనములు అందును నిలిచినవి. ఇంజురీ అను మాటకు మూలము లాటిను భాషలో అన్యాయమను నర్థమిచ్చు పదము. ఆస్తికిని కీర్తికిని కూడ ఇంజురీ కలుగుట ఎట్లని ఆశ్చర్యపడువారు ఆ మూలమును తలచుకొనిన చాలును.

డామేజ్ వస్తువులకు చెల్లునది. లారీ డామేజ్ అగును గాని క్లీనరు కాడు. ‘మై ఫాదర్ వాజ్ డామేజ్డ్’ అని సెలవు చీటిలో వ్రాసిన విద్యార్థి నాకు తెలియును. తండ్రిని మేజాబల్ల వరుసలో చేర్చినాడు. అయితే ఆ తండ్రి కాలేయమో, మూత్రపిండమో చెడినచో డాక్టరు దానిని నిస్సంకోచముగా ‘డామేజ్డ్’ అనును, అది సరియే. మనిషిని మొత్తముగా వస్తువనరాదు గాని, అతని అవయవమును విడదీసి చూచునప్పుడు వస్తువువలెనే చూతురు. పేరుప్రతిష్ఠలకును డామేజ్ చెల్లును. ‘డామేజెస్’ అని బహువచనము చేసినచో కోర్టు ఇప్పించు పరిహారపు సొమ్మని యర్థము. కనుక లారీకి రెండుచోట్ల దెబ్బ తగిలినంతమాత్రమున ‘టూ డామేజెస్’ అనరాదు.

ఇంపెయిర్ అనగా ఉన్న శక్తి తరిగిపోవునట్లు చేయుట. చూపు, వినికిడి, జ్ఞాపకశక్తి, వివేచన, ఇవి దాని కర్మలు. మద్యము డ్రైవరు వివేచనను ఇంపెయిర్ చేయును. లారీ అద్దమును ఇంపెయిర్ చేయజాలదు. అద్దమునకు తరుగుటకు శక్తి యేది?

నాకు మిక్కిలి యిష్టమైన మాట అండర్‌మైన్. పూర్వము కోటను ముట్టడించిన సైనికులు గోడ క్రిందుగా సొరంగము త్రవ్వి దానిని కూల్చెడివారు. ఆ పనియే అండర్‌మైన్. సాప్ అను మాటయు ఆ ముట్టడులనుండియే పుట్టినది. దానికి మూలము ఇటాలియను భాషలో త్రవ్వుగోలవంటి పనిముట్టు పేరు. మద్రాసు సాపర్లు అను పటాలమువారి పేరు తెలిసిన కుటుంబములు మనలో కలవు. ఆ సాపరు ఈ సాపే. కనుక ఈ రెండు క్రియలును ఎదుట నిలిచి కొట్టు దెబ్బకు పనికిరావు. తెలియకుండ, మెల్లగా, అడుగున జరుగు క్షయమునకే తగును. కోడలి మాటకు ఇంటిలో విలువ లేకుండ చాటున చేయు ఆడపడుచు ఆమె అధికారమును అండర్‌మైన్ చేయును. దీర్ఘరోగము బలమును సాప్ చేయును. బండి గోడను గుద్దినప్పుడు ‘ది కార్ట్ అండర్‌మైన్డ్ ది వాల్’ అన్నచో, బండి గోడక్రింద దూరి త్రవ్వినదా యని నవ్వుదురు. గోదావరి వరద గట్టు అడుగును కోసివేసినప్పుడైతే అది చక్కగా అతుకును.

కడపట ఎనర్వేట్ అను మోసకారి మాట. ఎనర్జీ అను మాటవలె వినబడుటచేత, ఉత్సాహము నిచ్చుటయని పలువురు, ఇంగ్లీషువారిలో కూడ కొందరు, పొరబడుచుందురు. దాని మూలార్థము నరము తీసివేయుట. నిస్సత్తువ కలిగించుటయే దాని పని. ఈ తప్పు నేనును చేసితిని. మా ప్రధానోపాధ్యాయుని వీడ్కోలు సభలో ఆయన ఉపన్యాసములు మిక్కిలి ‘ఎనర్వేటింగ్’ అని పొగడితిని. సభలో ఇద్దరు మాత్రము నవ్విరి. వారిలో ఒకరు ప్రధానోపాధ్యాయులే. మే నెలలో బెజవాడ యెండను ఆ మాటతో వర్ణించుట సరియే. ఆ యెండనుండి వచ్చి త్రాగిన చల్లని మజ్జిగను మాత్రము అట్లనరాదు.